వాయుకేతు మీద శాఖాపరమైన విచారణ

వాయుకేతు మీద శాఖాపరమైన విచారణ జరగడానికి కారకుణ్ణి నేనే. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే మంచిది. తర్వాత ఎక్కడైనా మా శాఖని చూసి మీకు నవ్వొస్తే, అందులో నా వాటా నాకు సక్రమంగా అందాలి.

మాది ఆపద ఉపకరణాల శాఖ. బెజవాడలో ఒక అద్దె భవనం, రెండో అంతస్తు. తాళ్లు, నిచ్చెనలు, ఇసక బాల్చీలు, గాలి నింపే పడవలు మా అధీనంలో ఉంటాయి. ఎక్కడైనా వరదొస్తే జిల్లావాళ్లు మూడు ప్రతుల్లో ఇండెంటు పెడతారు. మేం పరిశీలించి సామాను పంపిస్తాం. సామాను చేరేసరికి మామూలుగా వరద తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి ఇంకో ఫైలు నడుస్తుంది. అలా మా శాఖలో ఎవరికీ ఏడాది పొడుగునా పని లేదన్న మాట ఉండదు.

అందులో నేను సూపరింటెండెంట్ని. పేరు నిడమర్తి ఫణీంద్ర. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు అబ్బిన విద్య ఒక్కటే, కొర్రీ వేయడం. ఎంత చక్కటి ఫైలు నా ముందు పెట్టినా సరే, మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక సందేహం రాసి వెనక్కి పంపగలను. "పడవ కోరినారు సరే, నీరు ఉన్నట్లు ధ్రువీకరణ పత్రం జతపరచలేదు" అని ఒక వరద జిల్లాకి రాసింది నేనే. మా జాయింట్ డైరెక్టర్ మార్కండేయులుగారు కొత్తగా చేరినవాళ్ల శిక్షణ తరగతుల్లో దాన్ని ఇప్పటికీ చదివి వినిపిస్తారు. అప్పుడు నేను వినయంగా నేలచూపులు చూస్తూ నిలబడతాను. లోపల మాత్రం చాలా బాగుంటుంది.

ఇలాంటివాడికి కూడా ఒక బాల్యం ఉండేది. ఏలూరులో, నాకు పదేళ్లప్పుడు, శనివారం పొద్దున తొమ్మిదింటికి టీవీలో "వాయుకేతు" వచ్చేది. ఏ దేశంలో గీశారో తెలియదు కానీ మాటలు మాత్రం తెలుగులో వేశారు. నీలం చొక్కా, ఎర్ర ముసుగు, భుజాల మీద రెండు తెల్ల రెక్కలు. స్వర్ణపురి అనే ఊళ్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా చప్పున వాలిపోయేవాడు. ప్రొఫెసర్ తుప్పు అని వాడికో శత్రువు. ఊళ్లో ఇనుమంతా తుప్పు పట్టించేసే యంత్రం ఒకటి వాడి దగ్గర ఉండేది.

మా ఇంట్లో టీవీ లేదు. ఎదురింట్లో ఉండేది. శనివారం ఒంటిపూట బడి. అందుకని ప్రతి శనివారం నాకు కడుపునొప్పి వచ్చేది. ఎనిమిదిన్నరకి మొదలై, పదింటికల్లా తగ్గిపోయేది. ఇరవై ఐదు వారాలు అలా గడిచాక మా హెడ్మాస్టరు హాజరు పట్టీ ముందేసుకుని చూసి, మా నాన్నని పిలిపించారు. ఇరవై ఆరో శనివారం నన్ను నాన్నే సైకిలు మీద తీసుకెళ్లి బడిలో దింపి, గేటు దగ్గర పావుగంట కాపలా కాశారు. ఆ రోజే ఆఖరి భాగం.

ఇరవై ఐదో భాగం ఎక్కడ ఆగిందంటే, ఒకవైపు ప్రొఫెసర్ తుప్పు ఆనకట్ట తలుపులన్నీ తుప్పు పట్టించేశాడు, అవి విరిగితే స్వర్ణపురి మునిగిపోతుంది. రెండోవైపు సముద్రంలో నలభై మంది బడిపిల్లలున్న పడవ మునుగుతోంది. రెండూ ఒకే నిమిషంలో. మధ్య ఆకాశంలో వాయుకేతు ఒక్కడు. వాడు ఎటు వెళ్లాడు? బడిలో ఒకడు పడవవైపన్నాడు, ఇంకొకడు ఆనకట్టవైపన్నాడు, మూడోవాడు వాయుకేతుకి ఆ రోజే పెళ్లయిపోయిందన్నాడు. ముగ్గురూ చూడలేదని తర్వాత తెలిసింది. ముప్పై నాలుగేళ్లుగా, నవ్వకండి, స్నానాల గదిలోనో, బస్సులో కిటికీ పక్కనో, ఆ ప్రశ్న అప్పుడప్పుడు వచ్చి నా పక్కన కూర్చునేది.

కిందటేడు, చెన్నైలో పాత కార్టూన్లని డిస్కులకెక్కించి అమ్మే ఒక పెద్దమనిషి సంగతి తెలిసింది. ఫోన్ చేస్తే, తెలుగు మాటలతో ఒక్క సెట్టే మిగిలిందనీ, దాంతో దుకాణం కట్టేస్తున్నాననీ చెప్పాడు. తెప్పించాను. నాలుగు డిస్కులు. మొదటి మూడింట్లో ఇరవై ఐదు భాగాలు, నాలుగో దాన్లో ఆఖరి భాగం ఒక్కటే, రెట్టింపు నిడివితో. అటకమీంచి పాత ప్లేయరు దింపి, దుమ్ము దులిపాను.

"ఆ ఆఖరిది ముందు చూసేయండి, పీడా వదిలిపోతుంది" అంది మా ఆవిడ హైమ.

"క్రమం అంటూ ఒకటి ఉంటుంది" అన్నాను. వారానికో డిస్కు, శనివారం పొద్దున తొమ్మిదింటికి, నాలుగో వారం ముగింపు. అలా నిర్ణయించి సంతకం పెట్టలేదు, అంతే తేడా.

మొదటి శనివారం తలస్నానం చేసి కూర్చున్నాను. పాట మొదలవగానే కళ్లు చెమర్చిన మాట నిజం. తర్వాత రైలు వంతెన కూలింది, వాయుకేతు వచ్చి దాన్ని భుజాల మీద మోశాడు. చిన్నప్పుడు ఇక్కడే నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడు నా మనసులోకి వచ్చిన మొదటి మాట ఇది: వీడు ఇండెంటు పెట్టాడా?

సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే సందేహం ముందొచ్చింది. చెయ్యి దానంతటదే బల్ల సొరుగులోకి వెళ్లి పెన్సిలూ, ఆఫీసు నోట్ షీట్లూ తీసింది. ఆఫీసు నోట్ షీట్లు ఇంట్లో ఎందుకున్నాయన్న కొర్రీ మీరు దయచేసి వేయకండి.

మధ్యాహ్నానికల్లా రెండు షీట్లు నిండాయి. "సదరు వ్యక్తి వంతెనను మోయుటకు ముందు పై అధికారుల అనుమతి పొందినట్లు దాఖలా లేదు. మేడపై చిక్కుకున్న వృద్ధురాలిని మన శాఖ నిచ్చెన వినియోగించకుండా నేరుగా ఎత్తుకొని వచ్చుటకు కారణములు తెలుపవలెను. కాపాడబడిన వారి నుండి రసీదు పొందలేదు. ముసుగు ధరించి విధులకు హాజరగుచున్నందున సంతకము సరిపోల్చుట సాధ్యపడదు." ప్రొఫెసర్ తుప్పు ప్రయోగశాలలో మాత్రం ప్రతి సీసాకీ చీటీ అంటించి ఉంది, ప్రతి యంత్రానికీ వరస సంఖ్య ఉంది. చూసి ముచ్చటేసింది. మనవాడు అనిపించింది.

"మీరు బొమ్మలు చూస్తున్నారా, ఫైలు చూస్తున్నారా?" అంది హైమ కాఫీ పెడుతూ.

"చూస్తూ చూస్తూ ఊరుకోలేకపోతున్నానే" అన్నాను.

ఆ రెండు షీట్లూ సోమవారం నా సంచిలో మిగతా ఫైళ్లతో కలిసి ఆఫీసుకి వెళ్లాయి. అక్కడ దానియేలుగారి బల్ల మీద పడ్డాయి. దానియేలుగారు మా రికార్డు అసిస్టెంటు, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఇన్‌వార్డు రిజిస్టరు ముప్పై ఏళ్లుగా ఆయన చేతిలోనే ఉంది. ఆయన బల్లమీద వాలిన కాయితానికి నంబరు పడి తీరుతుంది. వాళ్లమ్మాయి పెళ్లి శుభలేఖ నాకిస్తే దానిమీదా నంబరుంది. మా ఆఫీసులో ఒకసారి నంబరు పడ్డ కాయితాన్ని దేవుడొచ్చినా వెనక్కి తీసుకోలేడు. దాన్ని పరిష్కరించాల్సిందే.

మంగళవారం మార్కండేయులుగారు నన్ను పిలిచారు. ఆయన ఎదట నా పెన్సిల్ రాతలు, వాటి పక్కన ఆయన ఆకుపచ్చ ఇంకు.

"ఫణీంద్రగారూ, మీ నోట్ చూశానండీ. అద్భుతం. ఇన్నాళ్లూ మన కళ్లుగప్పి ఎవడో సమాంతరంగా జనాన్ని కాపాడేస్తున్నాడంటే, ఇహ మన శాఖ ఉండి ఏం లాభమండీ? 'శాఖాధికారాలలో అనుచిత జోక్యం, తక్షణ చర్య అవసరం' అని రాసి కమిషనర్‌గారి పేషీకి ఒక ప్రతి పంపేశాను. ఇంతకీ ఏ జిల్లావాడండీ?"

"సార్, అది... కార్టూన్ సార్."

"అంటే?"

"బొమ్మలు సార్. పిల్లల బొమ్మలు. మా ఇంట్లో టీవీలో చూస్తూ ఏదో అలవాటు కొద్దీ..."

మార్కండేయులుగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "నేను సంతకం పెట్టాక అది కార్టూన్ ఎలా అవుతుందండీ?"

"కాదు సార్" అని బయటికొచ్చాను. అక్కడైనా గట్టిగా మాట్లాడి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నోట్ అద్భుతంగా ఉందని ఆయన అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. అబద్ధమెందుకు, అది పోగొట్టుకోవడానికి మనసు రాలేదు.

ఆ వారమే మెమో తయారైంది. "శ్రీ వాయుకేతు, స్వర్ణపురి అను వారికి ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తాము ఏ విధమైన ఇండెంటు లేకుండా పలువురిని కాపాడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలసినది." భాష నాదే. మెమో రిజిస్టరు పోస్టులో వెళ్లి, అలాంటి ఊరు లేదని తిరిగొచ్చింది. అప్పుడు నిబంధన ప్రకారం, సదరు వ్యక్తి ఆఖరిసారి కనిపించిన చోట ఆ కాయితం అంటించాలి. ఆఖరిసారి కనిపించింది మా ఇంటి హాల్లో.

దానియేలుగారు జిగురు సీసాతో వచ్చి, మా ఫ్లాటు తలుపుకి మెమో అంటించి, ఫోటో తీసుకుని వెళ్లారు. సాయంత్రం అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు వచ్చి, అద్దెకిచ్చేటప్పుడు సంఘానికి తెలపాలని తెలియదా అని అడిగాడు.

"మనం ఎవణ్ణో ఇంట్లో దాచామనుకుంటున్నారండీ అందరూ. పొద్దున పాలబ్బాయి, ఆయనక్కూడా ఓ అరలీటరు వేసేదా అమ్మా అని అడిగాడు" అంది హైమ. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టంగా ఉంది.

నేను మాత్రం రెండో శనివారం రెండో డిస్కు, మూడో శనివారం మూడో డిస్కు చూశాను. మూడోది ఆనకట్టకీ పడవకీ మధ్య, ఆకాశంలో ఆగింది. నాలుగోది చేతిలోకి తీసుకుని, ఇంకొక్క వారమే కదా అని మళ్లీ పెట్టెలో పెట్టాను. క్రమం! నా చెంపలు నేనే వాయించుకోవాలి.

శుక్రవారం సాయంత్రం దానియేలుగారు మళ్లీ వచ్చారు. ఈసారి చేతిలో గోనెసంచి, లక్క, కొవ్వొత్తి.

"డిస్కులు స్వాధీనం చేసుకోమని జేడీగారు ఉత్తర్వులిచ్చారండి. సాక్ష్యం కదండి."

"మూడూ పట్టుకెళ్లండి దానియేలుగారూ. ఈ నాలుగోది రేపు చూసి నేనే తెచ్చిస్తాను. నలభై ఐదు నిమిషాలు, అంతే."

"ముద్దాయి తరఫువాళ్లు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదండి."

"నేను ముద్దాయి తరఫువాణ్ణి కాదండీ, ఫిర్యాదు చేసింది నేనేగా!"

"అయితే అసలే ముట్టుకోకూడదండి. తమరే సర్కులర్ రాశారు కదండి, రెండువేల పద్నాలుగులో. ప్రతి నా దగ్గరుందండి." సంచిలోంచి తీసి చూపించారు కూడా.

కొవ్వొత్తి వెలిగించి, మా భోజనాల బల్ల మీదే లక్క కరిగించి, నాలుగు డిస్కులకీ సీలు వేశారు. పంచనామా మీద సాక్షిగా హైమ సంతకం చేసింది. "వయసెంతండి మీవారికి?" అని దానియేలుగారు వివరాలు అడుగుతుంటే, "పదేళ్లు" అని నా మొహంలోకి చూసింది. ఆయన నలభై నాలుగు అని రాసుకున్నారు.

ఆ తర్వాత ఫైలు నా చేతుల్లో లేదు. ఇరవై ఆరు జిల్లాలకీ సర్కులర్ వెళ్లింది, తమ పరిధిలో వాయుకేతు కదలికలు తెలపమని. ఇరవై నాలుగు జిల్లాలు "నిల్" అని రాశాయి. ఒక జిల్లా, సదరు వ్యక్తి తమ వద్ద తృప్తికరంగా పనిచేసి బదిలీపై వెళ్లినట్లు ధ్రువీకరించింది. ఇంకొకటి, వర్షాలు దగ్గరపడుతున్నందున ఆయన్ని తమకే కేటాయించమని కోరింది.

ఇంతలో న్యాయ సలహాదారు ఒక చిక్కు పెట్టాడు. వాయుకేతు మన ఉద్యోగి కాదు కాబట్టి శాఖాపరమైన చర్యకి అర్హుడు కాడని. మార్కండేయులుగారు ఒక పూటంతా తలుపేసుకుని ఆలోచించారు.

"చాలా తేలికండీ ఫణీంద్రగారూ. ముందు ఉద్యోగంలోకి తీసుకుందాం. తర్వాత సస్పెండ్ చేద్దాం."

అలా వాయుకేతుని గత సంవత్సరం జూన్ ఒకటి నుంచి వర్తించేలా తాత్కాలిక సహాయకుడిగా నియమించి, జూన్ రెండు నుంచి సస్పెండ్ చేశారు. వైద్య పరీక్షల పత్రంలో "దూరపు చూపు: ఇనుప గోడల గుండా కనబడును. దగ్గరి చూపు: వివరాలు లేవు" అని నింపింది నేనే. చేతొడుగులు తీయడు కాబట్టి వేలిముద్ర యంత్రంలో హాజరు పడదు, అందుకని ఏడాదంతా గైర్హాజరీ కింద ఇంకో అభియోగం చేరింది. బయటివాణ్ణి దొడ్డిదారిన తీసుకున్నారని మా ఉద్యోగుల సంఘం భోజన విరామంలో గేటు దగ్గర నినాదాలు చేసింది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లకే రాని ఉద్యోగం వాడికెలా వచ్చిందని ఆవేశపడ్డవాళ్లలో నాకు తెలిసిన బాగా చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే నిజమైన వరదొచ్చింది. ఒక లంక గ్రామం చుట్టూ నీళ్లు చేరాయి, నాలుగు పడవలు కావాలని ఇండెంటు వచ్చింది. ఇండెంట్లు లేకుండా కాపాడటం మీద విచారణ నడుస్తుండగా ఇండెంటు మీద కాపాడటం విచారణని ప్రభావితం చేస్తుందేమో అన్న సందేహంతో దాన్ని పక్కన పెట్టారు. ఆ సందేహం నాది కాదు. నా దగ్గర కొర్రీలు నేర్చుకున్న ఒక శిష్యుడిది. ఊరి జాలరులు వాళ్ల పడవల్లో వాళ్లే అందర్నీ ఒడ్డుకి చేర్చేసుకున్నారు. వాళ్ల పేర్లని వాయుకేతు ఫైల్లో సహనిందితులుగా చేర్చాలా వద్దా అని మూడు రోజులు చర్చ నడిచింది. ఆ మూడు రోజులూ నేను ఎవరి మొహం చూడలేకపోయాను. చూడలేనన్న మాట ఎక్కడా రాయలేదు.

నాకు కావలసింది మాత్రం ఒక్కటే. ఆ నాలుగో డిస్కు. అది రికార్డు గదిలో ఇనుప బీరువాలో, లక్క సీలు కింద ఉంది. చెన్నై పెద్దమనిషికి ఫోన్ చేస్తే, మిషన్లు కూడా తూకానికి అమ్మేశానన్నాడు. ఇక నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యని నా కోసం వాడుకున్నాను. ఫైల్లో ఒక కొర్రీ వేశాను: "నాలుగవ డిస్కును విచారణాధికారి సమక్షంలో ఆసాంతం వీక్షించని యెడల, అభియోగములు అసంపూర్ణమై, ముద్దాయి పై కోర్టులో లబ్ధి పొందు అవకాశము కలదు."

పై కోర్టు మాట వినగానే అందరూ కదిలారు. మర్నాడే అనుమతి వచ్చింది. విచారణ తేదీ నన్నే నిర్ణయించమన్నారు. శనివారం, ఉదయం తొమ్మిది గంటలు.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకి నాకు నిజంగానే కడుపులో నొప్పి మొదలైంది. హైమ ఇస్త్రీ చొక్కా ఇచ్చి, "వెళ్లండి. ఎటెళ్లాడో చూసి రండి. నాకూ తెలుసుకోవాలనుంది ఇప్పుడు" అంది. ప్లేయరు చంకలో పెట్టుకుని ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ప్రధాన కార్యాలయం నుంచి విచారణాధికారి అంబుజవల్లిగారు వచ్చారు. ఆవిడ ముందు ఎవరూ దగ్గనైనా దగ్గరు. ముద్దాయిని మూడుసార్లు పిలవమన్నారు. అటెండరు వరండాలో నిలబడి "వాయుకేతూ... వాయుకేతూ... వాయుకేతూ..." అని అరిచాడు. కింది అంతస్తు టైలరు తొంగిచూసి వెళ్లాడు. ముద్దాయి గైర్హాజరు నమోదైంది.

"ఈ గదిలో చూసింది బయటికి పొక్కకూడదు కదా?" అన్నారావిడ.

"అవశ్యం మేడమ్. గోప్యతా పత్రం తయారుచేసి తెచ్చాను" అని నేనే లేచాను. ఎవరూ అడక్కుండానే. ఫైలు పూర్తిగా ముగిసేవరకు ఇందులోని విషయం మౌఖికంగా గానీ, లిఖితపూర్వకంగా గానీ, సైగల ద్వారా గానీ ఎవరికీ తెలపరాదు. సైగల మాట ఆవిడకి బాగా నచ్చింది. మార్కండేయులుగారు, దానియేలుగారు, మిగిలిన అధికారులు, అందరూ వరసగా సంతకాలు పెట్టారు.

"మినిట్స్ ఎవరు రాస్తారు?"

ఒక చెయ్యి పైకి లేచింది. చూస్తే నాదే.

దానియేలుగారు సీలు పగలగొట్టి, ప్లేయర్ని ఆఫీసు టీవీకి తగిలించి డిస్కు పెట్టారు. కిటికీ తెరలు దించారు. పాట మొదలైంది. "9.07: చిత్రము ప్రారంభమైనది" అని రాశాను. తల ఎత్తి ఆకాశంలో వాయుకేతుని ఒక్క క్షణం చూశాను. ముసుగు, రెక్కలు, అటూ ఇటూ తిరుగుతున్న ఆ మొహం. "9.11: సదరు ముద్దాయి ఆకాశమున నిలిచి ఉండెను" అని రాయడానికి తల దించాను.

ఒకసారి రాయడం మొదలయ్యాక నాకు లోకం తెలియదు. పడవలో పిల్లల ఏడుపు వినిపిస్తే "బాలబాలికల ఆర్తనాదములు" అని రాశాను. ఆనకట్ట ఇనుము విరుగుతున్న చప్పుడు వినిపిస్తే "ప్రభుత్వ ఆస్తికి నష్టం" అని రాశాను. ఇది ఏ శాఖ ఆస్తి అన్నది తేలలేదు, దాని కింద ఒక గీత గీశాను. తర్వాత మాటలు ఆగిపోయాయి. సంగీతం ఒక్కటే. గదిలో ఒక కుర్చీ కిర్రుమంది. "అయ్యో, అయ్యో" అన్నారు మార్కండేయులుగారు, ఆఫీసులో నేనెప్పుడూ వినని గొంతుతో. ఒక్క నిమిషం, ఈ వాక్యం పూర్తి చేసి చూద్దాం అనుకున్నాను. వాక్యం పెద్దదైంది. దాన్ని రెండుగా విరిచాను. రెండోదానికి ముగింపు కుదిరి, చుక్క పెట్టి, తల ఎత్తేసరికి టీవీ తెర నల్లగా ఉంది.

ఎవరో దీపాలు వేశారు. దానియేలుగారు తువాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు. మార్కండేయులుగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. అంబుజవల్లిగారు కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

"అభియోగాలు రుజువయ్యాయి" అన్నారు. "కానీ అంతటి పని చేసిన మనిషికి శిక్ష రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మందలింపుతో సరిపెట్టండి."

"ఎంతటి పని మేడమ్?" అని నోటిదాకా వచ్చింది. మినిట్స్ రాసినవాడు అడగాల్సిన ప్రశ్న కాదది.

"ఇంకోసారి వేసి చూస్తే... నమోదు సరిచూసుకోవడానికి..." అన్నాను.

"అవసరం లేదు. విచారణ ముగిసింది. డిస్కు శాశ్వత రికార్డులో చేర్చండి."

మా శాఖలో శాశ్వత రికార్డులో చేర్చే ప్రతి జతపత్రానికీ ఎడమ పైమూలన, అంచుకి అంగుళం లోపల, కన్నం వేసి ట్యాగు కట్టాలి. డిస్కుకి మూల లేదు. మధ్యలో కన్నం ఉంది కదా, దాంట్లోంచే ట్యాగు వేయొచ్చు కదా అని నేను బతిమాలాను. దానియేలుగారు మాన్యువల్ తెరిచి చూశారు. మధ్య కన్నం గురించి అందులో లేదు. అంచు నుంచి స్కేలుతో అంగుళం కొలిచి, కన్నాల మిషన్ పెట్టి, రెండు చేతులతో నొక్కారు. టక్కుమంది. ఇహ ఆ డిస్కు ఏ ప్లేయర్లోనూ తిరగదు.

బీరువా తాళం వేస్తున్న దానియేలుగారి పక్కకి చేరాను. "దానియేలుగారూ, ఎవరికీ చెప్పను. పడవా, ఆనకట్టా?"

ఆయన చాలా జాలిగా నావైపు చూశారు. "సంతకం పెట్టాను కదండి."

"ఫైలు ముగిసిందిగా?"

"ముగియలేదండి. ముద్దాయి అప్పీలు చేసుకోవాలి కదండి. ఆయన మెమో అందుకుని, అప్పీలు చేసుకుని, అది తేలాకండి."

ఇంటికెళ్లేసరికి హైమ తలుపు దగ్గరే ఉంది. మెమో కాయితం గీకేసిన మరకలు ఇంకా తలుపు మీద ఉన్నాయి. కాళ్లు కడుక్కోనివ్వలేదు.

"చెప్పండి, చెప్పండి. ఎవర్ని కాపాడాడు?"

గోప్యతా పత్రం గుర్తొచ్చింది. ఇంటికి తెచ్చుకున్న మినిట్స్ ప్రతి సంచిలో ఉంది. అది చూపిస్తే మౌఖికమూ కాదు, సైగా కాదు, కొత్తగా రాసి తెలపడమూ కాదు, ముందే రాసేసిన కాయితమే. తీసి ఆవిడ చేతిలో పెట్టాను. హైమ నిలబడే చదివింది. పెదవులు కదుపుతూ, ఆఖరి పేరాకి వచ్చి, పైకి చదివింది.

"'9.41 గంటలకు సదరు వాయుకేతు పరిస్థితి తీవ్రతను గుర్తించి తగు చర్య తీసుకొనెను. సదరు చర్య ఫలించినది. 9.52 గంటలకు చిత్రము ముగిసినది.'"

కాయితం తిప్పి వెనకవైపు చూసింది. వెనక ఏమీ లేదు.

"తగు చర్య అంటే?" అంది. "ఏం చేశాడండీ?"

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ, గుమ్మంలో, చెప్పుల మధ్య వచ్చేసింది.

"నాకు తెలీదు హైమా" అన్నాను. "అప్పుడు నేను రాసుకుంటున్నాను."